"నా కథ రాస్తే భారతం అవుతుంది" అంది. అది రాయమనడమేనా?

బాటసారి_డైరీ:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్ట్, ఓపిక చేసుకుని చదవండి ప్లీజ్. రెండు వారాల నుంచి ఇదే బుర్రలో తిరుగుతోంది. తెలిసినవాళ్లని అడిగితే "అంత బాగా వచ్చాక ఇంకా ఆలోచన దేనికి, వేసెయ్" అంటున్నారు, నాకేమో పబ్లిష్ బటన్ దాకా వెళ్లి చెయ్యి ఆగిపోతోంది.

నేను ఒక్కదాన్నే తిరుగుతుంటాను, దారిలో కలిసినవాళ్ల గురించి రాస్తుంటాను. ఆరేళ్లుగా రాస్తున్నా, చదివేవాళ్లు కూడా ఇప్పుడు బాగానే ఉన్నారు. ఇప్పటిదాకా నేను రాసినవాళ్లంతా తమ గురించి నలుగురికీ తెలిస్తే సంతోషపడేవాళ్లే, పడవ నడిపే ఆయన, గడియారాలు బాగుచేసే పెద్దాయన, అలా. ఈసారిది అలాంటిది కాదు.

రాత్రి రైలు. నా ఎదురు సీట్లో ఒకామె, ముప్ఫై ఉంటాయేమో, పక్కన ఆరేడేళ్ల బాబు. ఇద్దరికీ కలిపి ఒకటే బ్యాగు. దాని జిప్పు పాడైపోతే బాబు బూటు లేసు తీసి, రెండు అంచులూ దగ్గరకి లాగి, కుట్టినట్టు అల్లి ముడేసింది. ఎర్ర లేసు. దాంతో వాడి ఎడమ బూటు వదులైపోయి, కాలు కదిపినప్పుడల్లా జారి కింద పడుతోంది, ఆమె వంగి తొడుగుతోంది, మళ్లీ పడుతోంది. ఒకసారి నేనే తీసి ఇచ్చాను, మాటలు అలా మొదలయ్యాయి. వాడు నిద్రపోయాక ఆమె చెప్పడం మొదలుపెట్టింది, తెల్లారేదాకా చెప్తూనే ఉంది. భర్త పెట్టిన హింస, అది ఎన్నేళ్ల నుంచి, ఎలా బయటపడింది, సాయం చేసింది ఎవరు, ఇప్పుడు ఎక్కడికి వెళ్తోంది, అన్నీ. ఏడవలేదు. స్టేషన్ వచ్చినప్పుడు మాత్రం మాట ఆపేసి, ఎక్కేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసి, రైలు కదిలాక ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడి నుంచే మళ్లీ అందుకునేది.

మధ్యలో అడిగింది, మీరేం చేస్తుంటారు అని. ఏదో రాస్తుంటానండీ అన్నాను. దానికి నవ్వి "నా కథ రాస్తే భారతం అవుతుంది" అంది. అంతే. రాయమనలేదు, వద్దనలేదు. దిగేముందు నా చెయ్యి పట్టుకుని "మీతో చెప్పుకున్నాక గుండె బరువు దిగింది" అంది, ఫోన్ నంబర్ కూడా ఇచ్చింది.

ఇంటికొచ్చి ఒక్క ఊపులో రాసేశాను. పేరు మార్చాను, ఊరి పేరు రాయలేదు. ఇన్నేళ్లలో నేను రాసినవాటిలో ఇంత బాగా వచ్చింది ఇంకోటి లేదు, గొప్పకి చెప్పట్లేదు, నా భయమంతా అందుకే. ఒక పత్రిక వాళ్లు వేసుకుంటామన్నారు, ఫోటో ఉంటే పంపమన్నారు. బాబు నిద్రపోతున్నప్పుడు వాడి కాళ్లూ ఆ బ్యాగూ కనిపించేలా ఒకటి తీశాను, మొహాలు లేవు.

ఆమె అన్న ఆ ఒక్క మాటని అనుమతి అనుకోవచ్చా? పేరు మారిస్తే సరిపోతుందా? ఆ నంబర్‌కి డ్రాఫ్ట్ పంపించి అడిగేద్దామా అని కూడా ఉంది. నిజంగా తెలియక అడుగుతున్నా, తిట్టాలనిపిస్తే తిట్టండి కానీ ఎందుకో చెప్పి తిట్టండి.

నీలిసిరా:

మిగతాదంతా తర్వాత, ముందు ఒక్క మాట. ఆ నంబర్‌కి ఏమీ పంపకండి. డ్రాఫ్ట్ కాదు, లింక్ కాదు, "క్షేమంగా చేరారా" అన్న మెసేజ్ కూడా వద్దు. ఆ ఫోన్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో మీకు తెలీదు, ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందో తెలీదు, ఆమె అకౌంట్ ఇంకో ఫోన్‌లో కూడా తెరిచి ఉందేమో తెలీదు. ఇలాంటి ఇళ్లలో ఆడవాళ్ల ఫోన్లు వాళ్లకి తెలియకుండా వేరేవాళ్లు చూస్తుండటం చాలా మామూలు విషయం. స్క్రీన్ మీద మీ మెసేజ్ మొదటి లైను కనిపించినా చాలు. పైగా హింస నుంచి బయటపడిన మనిషికి అన్నిటికంటే ప్రమాదమైన కాలం బయటపడ్డాక వచ్చే మొదటి రోజులే, ఈ విషయంలో పనిచేసేవాళ్లు ఎవర్ని అడిగినా ఇదే చెప్తారు. మీరు రెండు వారాలు అంటున్నారు, అంటే ఆమె ఇంకా ఆ రోజుల్లోనే ఉంది.

ఇంక పేరు సంగతి. పేరు మార్చడం అనేది ఆమెని ఎరగనివాళ్ల నుంచి దాచడానికి పనికొస్తుంది, ఎరిగినవాళ్ల నుంచి కాదు. మరి ఆమె భయం ఎవరి గురించి? లతన్యా స్వీనీ అని కంప్యూటర్ సైంటిస్ట్ 2000లో ఒక లెక్క తేల్చింది, అమెరికా జనాభాలో నూటికి 87 మందిని కేవలం మూడు వివరాలతో పట్టుకోవచ్చని, పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ లాంటి పోస్టల్ కోడ్. పేరు అక్కర్లేదు. అది ఒకరికొకరు తెలియని కోట్లమంది మధ్యలో లెక్క. ఇక్కడ వెతికేవాడికి ఆమె వయసు తెలుసు, బాబు వయసు తెలుసు, ఇల్లు వదిలిన రోజు తెలుసు. అతనికి తెలియనిది ఒక్కటే, ఎటు వెళ్లిందో. మీ కథలో రాత్రి రైలు ఉంది, తెల్లారి దిగడం ఉంది. ఆ రాత్రి ఆ ఊరు మీదుగా వెళ్లిన రైళ్లు ఎన్ని ఉంటాయండీ, తెల్లవారుజామున ఆగే స్టేషన్లు ఎన్ని ఉంటాయి, కూర్చుని లెక్కేస్తే అరగంట పని.

ఫోటో గురించి: ఫోన్‌తో తీసిన ఫోటోలో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు, టైము సెకన్లతో సహా లోపలే రాసుకుని ఉంటుంది. కొన్ని యాప్‌లు అప్‌లోడ్ చేసినప్పుడు అది తీసేస్తాయి, కానీ మెయిల్‌కి తగిలించి పంపితే చాలావరకు అలాగే వెళ్లిపోతుంది. సరే అదంతా తుడిచేశారే అనుకోండి, మొహం లేదు కాబట్టి ఫర్వాలేదు అంటున్నారు, ఆ బ్యాగు ఇంట్లో ఏళ్ల తరబడి చూసినవాడికి మొహం ఎందుకు?

నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఆ లేసు. కథని నిలబెట్టేది అదే, నాకు తెలుసు, పోస్ట్‌లో చదువుతుంటేనే గొంతు పట్టేసింది. కానీ ఆ లేసు వాడి బూటుకి ఎవరో కొనిపెట్టి ఉంటారు కదా.

ఓ_కూతురు:

ఈ ప్రశ్న చూసి పొద్దున్నుంచి రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నా. మా అమ్మ ఒకరి యాత్రాకథలో ఉంది. ఎక్కడ, ఎవరు రాశారు అన్నవి చెప్పను.

యాత్రికులు దిగే చోట గదులు సర్దే పని చేసేది అమ్మ. ఒకామె అక్కడ పదిరోజులు ఉంది, సాయంత్రాలు అమ్మతో కూర్చుని మాట్లాడేది, దుప్పట్లు మడతపెట్టడానికి రెండో కొస తను పట్టుకునేదట. వెళ్లాక రాసింది. పేరు మార్చింది. చాలా ప్రేమగా రాసింది, ఎక్కడా ఒక్క తప్పుడు మాట లేదు, ఇప్పుడు చదివినా ఆ మాటే అంటాను. అమ్మ దుప్పటి మడతపెట్టే పద్ధతి ఉంది అందులో, గడ్డం కింద ఒక కొస అదిమిపెట్టుకుని రెండు చేతులూ బారజాపి, అచ్చం అమ్మే. దాని తర్వాత పేరాలో, నాకంటే ముందు అమ్మకి ఒక కొడుకు ఉన్నాడనీ, పెంచలేక వేరేవాళ్లకి ఇచ్చేసిందనీ ఉంది.

నాకు అన్నయ్య ఉన్నాడన్న సంగతి నేను అలా తెలుసుకున్నానండీ. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఎవరో ఫ్రెండ్ "ఇది మీ అమ్మ పనిచేసే చోటులా ఉంది చూడు" అని లింక్ పంపితే ఉత్సాహంగా తెరిచాను.

మూడేళ్లు అమ్మతో అనలేదు. అన్నాక అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అంది, "ఆమె రేపో ఎల్లుండో వెళ్లిపోతుంది కదా అని చెప్పానే." ఈ మాట మీలాంటి వాళ్లు, అంటే తిరుగుతూ రాసేవాళ్లు, ఒక్కసారి ఆలోచించాలి. మీకు జనం ఎందుకు చెప్తారంటే మీరు వెళ్లిపోతారు కాబట్టి. పక్కింటివాళ్లకి చెప్తే రేపు మొహం చూడాలి, చుట్టాలకి చెప్తే పదేళ్ల తర్వాత కూడా ఎత్తుతారు, దారిన పోయేవాళ్లకి చెప్తే మాట వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. అమ్మ అనుకుంది అదే. అలా వెళ్లిపోవాల్సిన మాట అందరూ చూసేచోట అచ్చులో నిలబడిపోయింది.

రాసినామెకి మెయిల్ పెట్టాను. ఆమె మంచి మనిషి, ఆ రోజే తీసేసింది, క్షమించమని చాలా బాధపడుతూ రాసింది. కానీ అప్పటికే వేరే రెండు సైట్లలో మొత్తం కాపీ చేసి పెట్టారు, వాటికి రాస్తే జవాబు లేదు. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇచ్చేసిన కొడుకు కూడా ఎక్కడో ఉంటాడు కదా, అతను చదివాడో లేదో, అతన్ని ఎవరడిగారు?

మీ కథలో ఆ బాబు ఉన్నాడు. ఇప్పుడు ఆరేడేళ్లు అంటున్నారు. పదేళ్లు పోతే వాడే ఫోన్‌లో చదువుతాడు. 1989లో వచ్చిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 16వ ఆర్టికల్ పిల్లలకి కూడా ప్రైవసీ ఉందని చెప్తుంది, తల్లి చెప్పింది కదా అని తల్లిది మాత్రమే కాదు ఆ కథ.

ఇంకోటి. అడగొద్దనుకున్నా కానీ అడుగుతున్నా. ఆ లేసు సంగతి, రైలు సంగతి, బాబు వయసు, మీరు ఇప్పుడు ఇక్కడ రాసేశారు కదా?

బాటసారి_డైరీ:

ఓ_కూతురు గారూ, మీ పోస్ట్ చదివాక కాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయాను. మీరు ఇదంతా ఇక్కడ చెప్పాల్సిన అవసరం లేదు, అయినా చెప్పారు. దీన్ని నేను ఎక్కడా వాడను, ఇది మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నా.

మీరు అడిగినదానికి: ఇక్కడ రాసింది మార్చి రాశాను. అది రైలు కాదు. లేసు కాదు, ఎరుపూ కాదు, బాబు వయసు కూడా అది కాదు. పోస్ట్ రాయడానికి కూర్చున్నప్పుడే ఎందుకో భయమేసి అన్నీ మార్చేశాను. భారతం మాట మాత్రం నిజంగా అంది. డ్రాఫ్ట్‌లో మాత్రం అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మీరు అడిగాకే వెలిగింది, మీ నలుగురికీ చెప్పడానికి అవి అవసరం అనిపించలేదు, పత్రికకైతే ఎందుకు అవసరం అనిపించాయి నాకు?

ఎర్ర_పెన్సిల్:

నేను వేరేలా అంటాను, కోపం తెచ్చుకోవద్దు ఎవరూ.

పన్నెండేళ్ల క్రితం నేనూ అలాంటి ఇంట్లోనే ఉన్నాను. ఎవరికీ చెప్పలేదు, చెప్తే పరువు పోతుందని, నాదే తప్పేమో అని, అందరిళ్లలో ఇంతేనేమో అని. అప్పుడు ఎక్కడో ఒక కథ చదివాను, కల్పన కాదు, నిజంగా జరిగింది అని పైన రాసుంది, ఒకామె పిల్లతో ఇల్లు వదిలి వెళ్లిన కథ. దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఫోన్‌లో సేవ్ చేస్తే చూస్తాడని ప్రతిసారీ మళ్లీ వెతుక్కుని చదివేదాన్ని, చదివాక హిస్టరీ తుడిచేసేదాన్ని. నాలుగు నెలల తర్వాత బయటికొచ్చాను.

కాబట్టి "రాయొద్దు, దాచేద్దాం, సేఫ్‌గా ఉందాం" అని అందరూ అంటుంటే నాకు ఊపిరాడదు. కొట్టేవాళ్లకి కావాల్సింది సరిగ్గా అదే, ఎవరూ నోరెత్తకపోవడం. ఆమె తెల్లారేదాకా చెప్పిందంటే చెప్పాలనే ఉంది ఆమెకి. ఆమెని పసిపిల్లని చూసినట్టు చూడొద్దు, అంత రాత్రి, అంత ధైర్యం చేసిన మనిషి తన కథ ఏం చెయ్యాలో తను తేల్చుకోలేదా? జాలి కొద్దీ మనమే ఆమె నోరు మూసేస్తున్నామేమో చూసుకోండి.

ఫోటోల సంగతి తీసుకున్నా అంతే. 1936లో కాలిఫోర్నియాలో బఠానీ కోత కూలీల క్యాంపులో డొరొథియా లాంజ్ తీసిన ఆ తల్లి ఫోటో, పిల్లలు ఇద్దరూ మొహాలు తిప్పేసుకుని తల్లి భుజాల మీద వాలిపోయి ఉంటారు చూడండి, ఆ రోజు తీసిన ఫోటోలు ఆమె పేపర్‌కి ఇచ్చాకే కదా ఆ క్యాంపుకి ప్రభుత్వం 20,000 పౌండ్ల, అంటే దాదాపు తొమ్మిది టన్నుల ఆహారం పంపింది. లాంజ్ కూడా ఆ రోజు "ఈమె బలహీనురాలు, తీయకూడదు" అనుకుని వెళ్లిపోయి ఉంటే?

రాయండి. జాగ్రత్తగా రాయండి, ఆలస్యంగా రాయండి, కానీ రాయండి.

పాత_అచ్చు:

నేను చాలాకాలం ఎడిటింగ్ పని చేశాను, ఇలాంటి వ్యాసాలు చాలానే నా చేతుల మీదుగా వెళ్లాయి, వాటిలో వెయ్యకుండా ఉండాల్సినవి కూడా కొన్ని వేశాను, ఆ పశ్చాత్తాపం నాకుంది, అందుకని కాస్త ఎక్కువే రాస్తాను.

ఎర్ర_పెన్సిల్ గారూ, మీరు బయటికి రావడం అన్నిటికంటే పెద్ద విషయం, మీ మాటని తీసిపారెయ్యడానికి కాదు ఇది. కానీ ఆ ఫోటో కథ మిగతాది కూడా చెప్పాలి. ఆ ఆహారం వచ్చేసరికి ఆ తల్లీ పిల్లలూ అక్కడ లేరు, పని వెతుక్కుంటూ ముందుకి వెళ్లిపోయారు. ఆమె పేరు లాంజ్ అడగలేదు. లోకమంతా ఆ మొహాన్ని ఎరుగును, పేరు మాత్రం 1978 దాకా బయటికి రాలేదు, అప్పుడు ఒక విలేఖరి వెళ్లి కలిస్తే తెలిసింది ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని. అప్పుడామె అన్నది, ఆ ఫోటో తీయకుండా ఉంటే బాగుండేదని, దాన్ని ఎవరికీ అమ్ముకోమని మాటిచ్చారని, ఒక కాపీ పంపిస్తామన్నారని, పంపలేదని. వాళ్ల అమ్మాయి 2008లో కూడా చెప్పింది, ఆ ఫోటో చూసి ఇంట్లో అందరం సిగ్గుపడేవాళ్లం, మేమెవరమో ఎవరికీ తెలియకూడదనుకునేవాళ్లం అని. ఫోటో వల్ల మేలు జరగలేదని నేననను. ఆ క్యాంపులో మిగిలినవాళ్లు తిన్నారు. ఖర్చు మాత్రం ఆ ఒక్క ఇంటివాళ్లు భరించారు, వాళ్లని అడక్కుండా.

1984లో పాకిస్తాన్‌లోని శరణార్థి శిబిరంలో తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి ఫోటో కూడా అంతే, మరుసటి ఏడాది పత్రిక కవర్ మీద వచ్చింది, ఆ అమ్మాయిని, పేరు షర్బత్ గులా, మళ్లీ వెతికి పట్టుకున్నది 2002లో, అప్పటిదాకా ఆమె తన ఫోటో చూడనేలేదు.

ఇప్పుడు "భారతం" మాట. అది మన నోట్లో ఊతపదం. కష్టాలు పడిన ప్రతి మనిషీ అంటాడు, నా కథ రాస్తే పుస్తకమవుతుంది, సీరియల్ అవుతుంది, రాస్తే రామాయణం చెబితే భారతం. దాని అర్థం "నేను చాలా పడ్డాను, నన్ను నమ్ము" అని. ప్రచురించుకో అని కాదు. మీరు "ఏదో రాస్తుంటాను" అన్నారు చూశారా, మీ వైపు నుంచి తేడా వచ్చింది అక్కడ. ఎంతమంది చదువుతారో, ఎక్కడ వస్తుందో, ఎన్నేళ్లు ఉంటుందో ఆమెకి చెప్పలేదు. అవేవీ తెలియకుండా ఇచ్చిన ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. అడగడమంటే రాసింది చదివి వినిపించాలి, మా పేరు కింద ఇలా పడుతుంది అని ఒక పాతది చూపించాలి, "వద్దంటే వెయ్యను, మీరేం కారణం చెప్పక్కర్లేదు" అనాలి, కొన్నాళ్లు వదిలేసి మళ్లీ అడగాలి. పారిపోతున్న రాత్రి ఔనన్నదాన్ని పట్టుకోకూడదు, నిద్రలేక, భయంతో, ఎదురుగా దయగా మాట్లాడేవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు ఎవరైనా దేనికైనా ఔననే అంటారు.

మరి వివరాలు మార్చేస్తే పోదా అంటే, మీరు వ్యాసం పైన "నిజంగా జరిగింది" అని పెట్టి లోపల బ్యాగుకి బదులు పెట్టె, బాబుకి బదులు పాప అని రాస్తే పాఠకుడికి అబద్ధం చెప్పినట్టే. నా పద్ధతి ఏంటంటే, తీసెయ్యొచ్చు, కల్పించకూడదు. తప్పక మారిస్తే మార్చామని పైనే ఒక లైను వెయ్యాలి. ఇద్దరు ముగ్గురు మనుషుల్ని కలిపి ఒకరిని చేసి నిజం అని అమ్మడం అసలు చెయ్యకూడదు. మారుపేరు కాపాడుతుంది అన్న నమ్మకం కూడా నాకు పోయింది. నాన్సీ షెపర్-హ్యూస్ అని మానవశాస్త్రవేత్త 1970లలో ఐర్లండ్‌లో ఒక పల్లెలో ఉండి, మానసిక రోగాల మీద, అక్కడి కుటుంబాల మీద 1979లో పుస్తకం వేసింది, ఊరికి మారుపేరు పెట్టింది. ఊళ్లోవాళ్లు తమని తాము గుర్తుపట్టారు, పక్కవాళ్లని గుర్తుపట్టారు. ఆ ఊరు ఏదో పత్రికలవాళ్లు కూడా కనిపెట్టేశారు. ఇరవై ఏళ్లు పోయాక, 1999లో, ఆమె మళ్లీ వెళ్తే ఊరు వదిలి వెళ్లిపొమ్మన్నారు. ఆమె రాసినదాంట్లో నిజం లేదని కాదు గొడవ. మాతో కలిసి కూర్చుని మా ఇళ్లలో విన్నది ఇలా చేస్తావనుకోలేదు అని.

నాకైతే ఒకటే గీటురాయి మిగిలింది ఇన్నేళ్లకి. ఈ వ్యాసం పట్టుకుని ఆమె ముందు కూర్చుని, ఆమె కళ్లలోకి చూస్తూ, గట్టిగా చివరిదాకా చదవగలనా? ఏ వాక్యం దగ్గర గొంతు తగ్గుతుందో ఆ వాక్యం గురించి మళ్లీ ఆలోచించాలి.

ఎర్ర_పెన్సిల్:

పాత_అచ్చు గారూ, ఆహారం వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయారన్నది నాకు తెలీదు. రాత్రంతా అదే ఆలోచించాను.

నేను చదివిన ఆ కథ గురించి కూడా ఆలోచించాను, అందులో నాకు నిజంగా పనికొచ్చింది ఏంటి అని. ఆమె పేరు గుర్తులేదు. ఊరు గుర్తులేదు, ఉందో లేదో కూడా. గుర్తున్నది ఒక్క లైను, వెళ్లడానికి రెండు నెలల ముందే పిల్ల సర్టిఫికెట్లు, తన సర్టిఫికెట్లు ఒక్కొక్కటిగా బయటికి చేర్చి నమ్మకమైన మనిషి దగ్గర పెట్టింది అని. నేనూ అదే చేశాను. ఆ లైనుతో ఎవర్నీ పట్టుకోలేరు, ఒప్పుకుంటున్నా.

కానీ ఒకటి. అదే లైను ఏ కరపత్రంలోనో "మీ పత్రాలు భద్రపరచుకోండి" అని ఉంటే నేను చదివి పక్కన పడేసేదాన్ని. ఒక మనిషి చేసింది అని ఉంది కాబట్టి నేనూ చెయ్యగలను అనిపించింది. మనిషిని మొత్తం తీసేస్తే అది ఉండదు. దీనికి జవాబు నా దగ్గర లేదు. ఓ_కూతురు గారూ, మీ అమ్మగారి గురించి చదివి చాలా బాధేసింది, నా మొదటి పోస్ట్ మీకు కఠినంగా తగిలి ఉంటే క్షమించండి.

ఓ_కూతురు:

అయ్యో, అలా ఏం లేదండీ. మీరు బయటపడ్డారు, నాకు అది చాలు. నిజం చెప్పాలంటే మా అమ్మ కథ చదివి కూడా ఎవరో ఒకరు ధైర్యం తెచ్చుకునే ఉంటారు, ఆ కాపీల కింద కామెంట్లలో అలాంటివి కొన్ని ఉన్నాయి కూడా, ఒకామె తనూ అలాగే ఇచ్చేసుకున్నానని రాసుకుంది. అవి అమ్మకి చదివి వినిపించాను ఒకసారి. అమ్మ విని, ఆమె బిడ్డ మళ్లీ కనపడ్డాడా అని అడిగింది. ఇంకేం అనలేదు.

నీలిసిరా:

బాటసారి గారూ, ప్రాక్టికల్‌గా ఒకటి. వెయ్యకూడదని తేల్చుకుంటే డ్రాఫ్ట్ కూడా క్లౌడ్‌లో ఉంచకండి, పత్రికవాళ్లకి పంపిన కాపీ ఉంటే తీసెయ్యమని అడగండి, తీసేశామని రాతపూర్వకంగా తీసుకోండి. ఫోటో గ్యాలరీలో డిలీట్ చేసినా బ్యాకప్‌లో ఉంటుంది, రీసైకిల్ బిన్‌లో కొన్నాళ్లు ఉంటుంది, రెండుచోట్లా చూడండి. మీ ఫ్రెండ్స్ ఎవరైనా చదివారేమో కనుక్కోండి, ఎవరికైనా ఫార్వర్డ్ చేశారేమో కూడా. మనం చాలామంది ఇది మర్చిపోతాం, పబ్లిష్ చెయ్యకపోయినా నలుగురి ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది.

బాటసారి_డైరీ:

అందరికీ జవాబు ఆలస్యమైంది, సారీ.

పత్రికవాళ్లకి వద్దని చెప్పేశాను. వాళ్లకి మొదటి పేజీ ఒక్కటే పంపాను ఇంతకుముందు, అది తీసేశామని మెయిల్ ఇచ్చారు. ఫోటో అన్నిచోట్లా తీసేశాను, నీలిసిరా గారు చెప్పకపోతే బ్యాకప్ సంగతి తట్టేదే కాదు. చదివిన ఇద్దరిలో ఒకరు తన చెల్లెలికి పంపిందట. అది విన్నప్పుడు మాత్రం కాళ్లలో సత్తువ పోయింది. ఇద్దరి ఫోన్లలోంచీ తీయించాను.

పాత_అచ్చు గారు చెప్పినట్టు గట్టిగా చదివి చూశాను, గదిలో ఒక్కదాన్నే, ఆమె ఎదురుగా ఉన్నట్టు. చాలావరకు చదవగలిగాను. గొంతు తగ్గింది హింస దగ్గర కాదు, ఆమె అందంగా ఉంది అని, అలసిన మొహంలో ఏదో వెలుగు ఉంది అని రాశాను ఒకచోట, అక్కడ. అది ఆమె కోసం రాసింది కాదు. చదివేవాళ్లు ఆమెని ఇష్టపడాలని, ఆ రాసిన నన్ను ఇష్టపడాలని రాశాను. ఎందుకో అది చదువుతుంటే ఆమె వినకూడదు అనిపించింది.

ఎర్ర_పెన్సిల్ గారి మాట మాత్రం వదలట్లేదు. అందుకని ఒకటి మొదలుపెట్టాను, ఆ రాత్రి గురించి కాదు. బయటపడి చాలా ఏళ్లయినవాళ్లు, భయం తీరినవాళ్లు, తమ పేరుతోనో పేరు లేకుండానో చెప్తామని వాళ్లంతట వాళ్లు వస్తే వాళ్లతో కూర్చుందామని. ఏం చెప్పాలో ఏం వద్దో వాళ్లే గీత గీస్తారు, అచ్చుకి ముందు వాళ్లకి చదివి వినిపిస్తాను, పక్కన పిల్లలు ఉంటే వాళ్ల ఊసు రానివ్వను. ఎర్ర_పెన్సిల్ గారూ, మిమ్మల్ని అడగట్లేదు. అడిగినట్టు అనిపిస్తే కాదనుకోండి.

ఆమె డ్రాఫ్ట్ ఫైల్ తీసేశాను. ఒక్క పేరా, అదే మీకు బూటు లేసు అని చెప్పింది, అది మాత్రం చెయ్యి రాలేదు. కాగితం మీద చేత్తో రాసి దాచుకున్నా. నంబర్ కూడా ఆ కాగితం వెనకే ఉంది. నేనుగా ఫోన్ చెయ్యను. ఆమె దగ్గర నా నంబర్ ఉంది, ఎప్పుడైనా తనే చేస్తే ముందు బాబు ఎలా ఉన్నాడని అడుగుతాను. చేసిందో లేదో మాత్రం ఇక్కడికి వచ్చి చెప్పను, ఏమీ అనుకోకండి.